రెండువందల యాభై అయిదు దాటిన తెలుపు

మొన్న బషీర్‌బాగ్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీవాళ్లు పిలిస్తే వెళ్లాను. "ఇమేజ్ ప్రాసెసింగ్‌లో జీవితమంతా పనిచేసిన వత్సల మేడమ్" అని పరిచయం చేసి, శాలువా కప్పి, మైకు చేతికిచ్చారు. నేను నోరు తెరిచేలోపే ముందు వరసలో ఒకబ్బాయి లేచి, "మేడమ్, వెక్టర్ టైప్స్ వాడితే కోడ్ ఎన్ని రెట్లు స్పీడవుతుంది?" అని అడిగాడు. రెండో ప్రశ్న కూడా స్పీడు గురించే. మూడోదీ అంతే. జవాబు తప్పొస్తే ఏమవుతుందని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

శాలువా తీసి కుర్చీ మీద పడేశాను. "స్పీడు సంగతి తర్వాత. ముందు ఒక తప్పు గురించి వినండి" అన్నాను. సగం చెప్పేసరికి ప్రిన్సిపాల్ గారు గోడ గడియారం వైపు చూడటం మొదలుపెట్టారు. భోజనాలు చల్లారిపోతున్నాయట. సరే, ఆయన భోజనం ఆయన చేశారు. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. నా ప్రమోషన్లు, నాకిచ్చిన మెమెంటోలు మీకు అక్కర్లేదు. నాకూ అక్కర్లేదు.

అసలు ఆ పని ఏమిటంటే

మా ఆఫీసు అబిడ్స్‌లో, పెద్ద పోస్టాఫీసుకు కాస్త ఇవతల, బట్టల దుకాణం పైన మూడో అంతస్తులో ఉండేది. లిఫ్టు ఉందంటే ఉంది, లేదంటే లేదు. కింద దుకాణంవాడు "రండమ్మా రండి, చూసి పొండి" అని పొద్దంతా అరుస్తూనే ఉండేవాడు. ఆ గోల మధ్యే మేం బొమ్మలు బాగుచేసే సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లం.

కంప్యూటర్‌కి బొమ్మ అంటే గింజల కుప్ప. ఒక్కో గింజకు ఒక్కో అంకె. సున్నా అయితే కారు నలుపు, రెండువందల యాభై అయిదు అయితే మల్లెపూవు తెలుపు. మధ్యవన్నీ బూడిద రంగులు. బొమ్మను వెలుగు చెయ్యాలంటే ప్రతి గింజకూ కొంత కలపాలి. గింజలేమో లక్షల్లో ఉంటాయి. ఒక్కోదాన్నే తీసి, కలిపి, పెట్టుకుంటూ పోతే తెల్లారుతుంది. అందుకని ప్రాసెసర్ చేసినవాళ్లు ఒక వెసులుబాటు పెట్టారు. నాలుగో, పదహారో గింజల్ని ఒకే కట్టగా కట్టి ఇస్తే, కట్ట మొత్తాన్నీ ఒకే దెబ్బలో కూడుతుంది. ఇరానీ హోటల్లో సర్వర్ ఒక్కో చాయ్ తేకుండా ఒక్క చేత్తో నాలుగు కప్పులు పట్టుకొస్తాడు చూడండి, అదే. ఆ కట్టకు కోడ్‌లో పెట్టుకునే పేరే వెక్టర్ టైప్. ఇలాంటి కట్టల్ని చాలామంది పనివాళ్లకు ఒకేసారి పంచితే అది ప్యారలల్ పని. ఇందులో మాయా లేదు, మంత్రమూ లేదు.

దీన్ని నాకు నేర్పింది మూర్తిగారని మా మొదటి బాసు. నోరు మంచిది కాదు. "ఏమ్మా, బుర్ర ఇంట్లో మర్చిపోయి వచ్చావా?" అని పదిమందిలో అడిగేవాడు. కానీ ఒక పద్ధతి పెట్టాడు. ఏ పని చేసినా ముందు గింజ గింజకూ నడిచే మొద్దు కోడ్ రాయాలి. అది నత్తలా నడిచినా సరే, జవాబు మాత్రం తప్పుండకూడదు. ఆ తర్వాతే కట్టలతో పరుగెత్తే కోడ్. రెండింటి ఫలితాలనూ గింజకు గింజ పోల్చి, తేడా సున్నా అని చూపిస్తేనే సంతకం పెట్టేవాడు. మొద్దు కోడ్‌ను చెరిపేస్తే ఊరుకునేవాడు కాదు. "అది సాక్షమ్మా, సాక్షిని చంపుతారా?" అనేవాడు.

ఒకసారి ఆ పద్ధతి తప్పిన పాపానికి ఏం జరిగిందో చెప్తాను. కాచిగూడలో ఒక పెళ్లిఫొటోల స్టూడియోకి రంగులు సరిచేసే సాఫ్ట్‌వేర్ ఇచ్చాం. పదహారేసి గింజల కట్టలు. ఫొటో వెడల్పు పదహారుతో తెగకపోతే కుడి చివర కొన్ని గింజలు మిగిలిపోతాయి, వాటిని విడిగా చూసుకోవాలి. మావాడొకడు చూసుకోలేదు, పోల్చనూలేదు. అన్ని గ్రూప్ ఫొటోల్లోనూ కుడి చివర నిలబడ్డవాళ్లకు ఒక చెంప మామూలుగా, ఇంకో చెంప పసుపు రాసినట్టుగా వచ్చింది. పెళ్లికొడుకు మేనమామ ఫొటో పట్టుకుని స్టూడియోకి, స్టూడియోవాడు ఆ ఫొటో పట్టుకుని మా మూడో అంతస్తుకి వచ్చారు. లిఫ్టు ఆ రోజూ లేదు. "ఏంది సార్ గిది? మామకు కామెర్లు తెప్పిచ్చిన్రు!" అని అతను ఆయాసపడుతూ అరుస్తుంటే మేం నవ్వు ఆపుకోలేకపోయాం. మూర్తిగారు మాత్రం నవ్వలేదు. రాసినవాణ్ణి ఆ సాయంత్రమే స్టూడియోకి పంపి, మామగారి ముందు నిలబెట్టి, తప్పు మాదే అని చెప్పించాడు.

అప్పుడది అతి అనిపించింది. ఆయన పోయాక కంపెనీలో ఇంకెవరూ ఎవరి ముందూ నిలబడలేదు.

శ్రీధర్ వచ్చాడు

మూర్తిగారి కుర్చీలోకి శ్రీధర్ వచ్చాడు. తెల్ల చొక్కా, మెత్తటి మాట, ఎప్పుడు చూసినా ఏదో ఒక గ్రాఫు. నన్ను ఎంతో మర్యాదగా "మేడమ్, మేడమ్" అనేవాడు. అంత మర్యాదగా మాట్లాడుతూ అంత నిర్లక్ష్యంగా పనిచేసిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

నాంపల్లిలో ఒక ధర్మ దవాఖాన ఉంది. పేదవాళ్లకు ఛాతీ ఎక్స్‌రేలు ఉచితంగా తీస్తారు. మిషను పాతది, బొమ్మ మసక. ఆ బొమ్మ మా దగ్గరకొస్తే చిన్న చిన్న వివరాలను పైకి తేల్చి, స్పష్టంగా చేసి డాక్టర్‌కు పంపే పని మా కంపెనీకి వచ్చింది. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు గాలితో ఉంటాయి గనక నల్లగా కనపడతాయి. జబ్బు మచ్చలు తెల్లగా కనపడతాయి. ఇది గుర్తుంచుకోండి, మొత్తం కథంతా దీనిమీదే ఉంది.

తేల్చడమంటే ఏమిటి? చుట్టూ ఉన్నదానికంటే తెల్లగా ఉన్న చుక్కకు ఇంకాస్త తెలుపు కలపడం. కలిపినప్పుడు రెండువందల యాభై అయిదు దాటితే? పాత స్కూటర్ల కిలోమీటర్ల రీడింగు తొమ్మిదులన్నీ అయ్యాక మళ్లీ సున్నా నుంచి మొదలయ్యేది, చూశారా? సరిగ్గా అలాగే తెలుపు హద్దు దాటి గిర్రున తిరిగి నలుపైపోతుంది. దీనికి మందు ప్రాసెసర్‌లోనే ఉంది. కూడికలు రెండు రకాలు: తిరిగిపోయే కూడిక, హద్దు దగ్గర ఆగిపోయే కూడిక. మేం వాడే ప్రాసెసర్‌లో రెండింటికీ పట్టే సమయం ఒకటే. వినండి, ఒకటే! ఆగిపోయే కూడిక వాడితే స్పీడు రవ్వంత కూడా తగ్గదు. కోడ్‌లో ఒక మాట మార్చాలి, అంతే. శ్రీధర్ టీము ఆ మాట మార్చలేదు.

సరే, తప్పు ఎవరైనా చేస్తారు. ఆ తర్వాత చేసినదానికే నాకు ఇప్పటికీ మండుతుంది. మొదటి బొమ్మల్లో పక్కటెముకల అంచుల వెంట నల్ల చుక్కలు కనపడ్డాయి. ఎక్కడనుంచి వచ్చాయని అడగాలి కదా? శ్రీధర్ అడగలేదు. "నాయిస్, పాత మిషను వేసే చెత్త చుక్కలు. ఒక స్మూతింగ్ ఫిల్టర్ వేసేయండి" అన్నాడు. వేసేశారు. ఫిల్టర్ చుట్టుపక్కల రంగు తీసుకుని చుక్కల్ని పూడ్చేసింది. ఎముక మీద చుక్క ఎముక రంగులో, ఊపిరితిత్తి మీద చుక్క ఊపిరితిత్తి నలుపులో కలిసిపోయాయి. తెల్లటి జబ్బు మచ్చ ముందు నల్లబడి, తర్వాత మాయమైంది. బొమ్మ చూడటానికి ఎంత శుభ్రంగా ఉందో! దవాఖానవాళ్లు చప్పట్లు కొట్టారు.

మరి మొద్దు కోడ్‌తో పోల్చలేదా అంటారు. మొద్దు కోడ్‌ను అంతకుముందే తీసేశాడు. టెస్టులు ఆలస్యమవుతున్నాయట. నేనప్పుడు ఇంకో ప్రాజెక్టులో ఉన్నాను. అయినా మీటింగులో లేచి, "పోల్చకుండా పంపొద్దు" అన్నాను. శ్రీధర్ చిరునవ్వు నవ్వి, "మేడమ్, మూర్తిగారి కాలం అయిపోయింది" అన్నాడు. అందరూ నవ్వారు. కూర్చున్నాను.

యాదగిరి

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. అక్కడ యాదగిరి అని ఒకతను కంప్యూటర్ పుస్తకాలు అమ్మేవాడు. నల్గొండ దిక్కు నుంచి కూలికొచ్చి, మూటలు మోసి, చివరికి పుస్తకాల్లో స్థిరపడ్డాడు. వాటిలో ఏముందో అతనికి తెలియదు, తెలిసినట్టు మాట్లాడనూ మాట్లాడడు. ఏళ్లుగా నాకోసం కొన్ని పక్కన పెట్టేవాడు. "అమ్మా, గిది మీ అసొంటిదే అనిపిచ్చింది, సూడుండ్రి" అని ఒకసారి కుట్టుపని పుస్తకం ఇచ్చాడు. కొన్నాను కూడా.

ఒక ఆదివారం చూస్తే దగ్గుతున్నాడు. పై ఆదివారం ఇంకా ఎక్కువ. చిక్కిపోయాడు. "ఏందయ్యా, చూపించుకున్నవా?" అంటే, "పుస్తకాల దుమ్ము అమ్మా, ఏం ఫికర్ లేదు" అన్నాడు. నేనే గదమాయించాను. "నాంపల్లి దవాఖానకు పో. ఫొటో తీస్తరు, పైసా తీస్కోరు. ఆ మిషన్ల పని మా ఆఫీసోళ్లదే" అని చెప్పి పంపాను. తర్వాతి ఆదివారం మొహం వెలిగిపోతూ రిపోర్టు చూపించాడు. ఏమీ లేదు, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయని ఉంది. ఆ తర్వాత నేను వెళ్లినప్పుడల్లా దగ్గు వినపడలేదు. తగ్గిందనుకున్నాను. కొన్ని నెలలకు అతను ఫుట్‌పాత్ మీదకు రావడమే మానేశాడు.

అప్పటికి స్వప్న అనే అమ్మాయి కొత్తగా చేరింది. కరీంనగర్ పిల్ల. శ్రీధర్ ఆమెకు ఎక్స్‌రే కోడ్‌ను ఇంకా వేగంగా చేసే పని అప్పజెప్పాడు. నా దగ్గర రెండు వారాలు కూర్చున్న పుణ్యానికి ఆ పిల్ల ముందుగా మొద్దు కోడ్ మళ్లీ రాసి పోల్చింది. ఒకరోజు మధ్యాహ్నం నా టేబుల్ దగ్గరకొచ్చి నిలబడింది.

"మేడమ్, జర వచ్చి చూస్తరా? నాదే తప్పేమో... గానీ మచ్చలు పోతున్నయ్."

చూశాను. పక్కపక్కన రెండు బొమ్మలు. మొద్దు కోడ్ బొమ్మలో ఊపిరితిత్తి పైభాగాన సన్నటి తెల్ల చుక్కలు, చల్లినట్టు. వేగం కోడ్ బొమ్మలో ఏమీ లేవు. స్వప్న ఆ ఒక్క మాట మార్చి మళ్లీ నడిపింది. చుక్కలు తిరిగొచ్చాయి. మొదట గుర్తొచ్చింది యాదగిరే. పాత అసలు ఎక్స్‌రేలన్నీ మా సర్వర్‌లోనే ఉంటాయి. అతనిది వెతికి మొద్దు కోడ్‌తో నడిపించాం. రెండు పక్కలా పైన మచ్చలు.

"క్లారిటీ మెరుగుపరచబడింది"

ఇద్దరం శ్రీధర్ గదిలోకి వెళ్లాం. బొమ్మలు చూశాడు. ముందు గొంతు సవరించుకున్నాడు, తర్వాత మెత్తగా మాట్లాడాడు.

"గుడ్ క్యాచ్, స్వప్నా. ఇవాళే ఫిక్స్ చేసి పంపించేద్దాం. రిలీజ్ నోట్‌లో 'చిత్రం క్లారిటీ మెరుగుపరచబడింది' అని రాయి."

"మరి ఇప్పటిదాకా పంపినవి?" అన్నాను.

"పాతవి పాతవే కదా మేడమ్. డాక్టర్లు ఒక్క ఎక్స్‌రే మీదే డిసైడ్ చెయ్యరు."

"ఏం చూసి చేస్తరు మరి? మొహం చూసా?"

"మీరు ఎమోషనల్ అవుతున్నారు. లాయర్‌ని అడక్కుండా ఎవరికీ ఏమీ చెప్పొద్దు. అసలు ఇమేజీలు బయటకు పోవద్దు. స్వప్నా, నువ్వింకా ప్రొబేషన్‌లో ఉన్నావు. గుర్తుంది కదా?"

ఆ పిల్ల తల వంచుకుంది. నాకు పట్టరాని కోపమొచ్చింది. "సిగ్గుండాలి శ్రీధర్! ఒక్క మాట మార్చనందుకు జనాల ఊపిరితిత్తులు తుడిచేసి, ఇప్పుడు పిల్లను బెదిరిస్తున్నవా? ఈ పోల్చిన బొమ్మ నేను తీస్కపోతున్న. ఆమెది కాదు, పేరు నాది రాస్కో" అన్నాను. లాయర్‌కు కూడా నా పేరే చెప్పుకోమన్నాను. నాకు రిటైర్‌మెంట్ దగ్గర్లోనే ఉంది, వాడు నన్నేం పీకగలడు?

నేరుగా నాంపల్లి దవాఖానకు వెళ్లాను. ఆటో కూడా ఎక్కలేదు, ఆ కోపంతో నడిచే వెళ్లాను. డాక్టర్ పెద్దాయన, ఛాతీ జబ్బులకు అక్కడ ఆయనొక్కడే. యాదగిరి బొమ్మలు రెండూ వెలుగుకు పెట్టి చాలాసేపు చూశాడు. అద్దాలు తీసి నన్ను కూడా అంతసేపే చూశాడు.

"అమ్మా, మీరు చూపెట్టిందే నేను చూసిన. ఫొటో సాఫ్ ఉండె. దగ్గు ఎట్లుందని అడిగితే తగ్గిందన్నడు. గందుకే టీబీ ఉన్నదేమో చూసే తెమడ పరీక్షకు పంపలే." ఆయన గొంతు లేచింది. "గీ ఒక్కడేనా? అందరియి కావాలె నాకు. మీ కంపెనీ అసలు ఫొటోలు ఇస్తదా, ఇయ్యదా?"

"ఇయ్యనంటున్నడు."

"ముందు గీన్ని తీస్కరాండ్రి. నేను కూసుంట."

ఆ గదిలో

ఫుట్‌పాత్ మీద పక్కనే నవలలు అమ్మే ఆయన యాదగిరి ఇల్లు చెప్పాడు. నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఒక్క గది, కిరాయిది. గుమ్మంలో భార్య భారతమ్మ బియ్యం ఏరుతోంది. యాదగిరి గోడకు ఆనుకుని చాప మీద కూర్చుని ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. నన్ను చూసి లేవబోయాడు, లేవలేకపోయాడు.

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "యాదగిరీ, నీ ఫొటోల మచ్చలున్నయ్. మా ఆఫీసు కోడ్ వాటిని చెరిపేసింది. నీకిచ్చిన రిపోర్టు తప్పు. లే, డాక్టర్ సాబ్ నీకోసం కూసున్నడు, పోదాం."

అతను, ఎవరో తన తప్పు పట్టుకున్నట్టు, తల దించుకుని అన్నాడు.

"నాకే ఏదో అనుమానం బీమారి పట్టిందనుకున్న అమ్మా. మీరు పంపిన దవాఖాన, మీ ఆఫీసు మిషను. ఫొటో మంచిగొచ్చినంక గూడ మీ ముంగట దగ్గుతే ఏం బాగుంటది? మీరు నమ్మి పంపితిరి. ఆదివారం మీరు పోస్టాఫీసు దిక్కుకెళ్లి వస్తుంటే సూసి, ఊపిరి బిగబట్టి ఆపుకునేటోణ్ణి. డాక్టర్ సాబ్ అడిగినా తగ్గిందనే చెప్పిన. గంత పెద్ద మిషను ఏం లేదన్నంక, ఉన్నదని నేనెట్ల చెప్త?"

నా జీవితంలో ఎంతోమంది మీద కోపం తెచ్చుకున్నాను గానీ, ఆ క్షణం వచ్చినంత కోపం ఎప్పుడూ రాలేదు. ఒక మనిషి తన సొంత ఊపిరిని కాదని మా అంకెల్ని నమ్మాడు. మేం ఆ అంకెల్ని పోల్చి కూడా చూసుకోలేదు.

భారతమ్మ చేట పక్కన పెట్టింది. "ఎవరమ్మా ఆ మచ్చలు తుడిపిచ్చినాయన?"

"మా ఆఫీసుల పెద్ద సారు."

"ఫోన్ కొట్టు."

కొట్టాను. స్పీకర్ పెట్టాను. శ్రీధర్ అందుకుని, "మేడమ్, చెప్పాను కదా, లాయర్‌తో మాట్లాడి సోమవారం..." అంటుండగానే ఆమె నా చేతిలోంచి ఫోన్ లాక్కుని మొగుడి నోటి దగ్గర పెట్టింది.

"గిన్ని దినాలు ఆపుకున్నవ్ గదా. ఇగ ఆపకు. దగ్గు."

యాదగిరి నా వైపు చూశాడు, నా అనుమతి కావాలన్నట్టు. "దగ్గు యాదగిరీ" అన్నాను. దగ్గాడు. మొదలైతే ఆగలేదు. చాపమీద ముందుకు వంగిపోయి, గోడ పట్టుకుని దగ్గాడు. దగ్గు ఆగాక ఆమె ఫోన్ తన నోటి దగ్గరకు తెచ్చుకుంది.

"ఇన్నవా సారూ? మా ఆయన పేరు యాదగిరి. మీ తాన ఇంకెందరి పేర్లున్నయో, ఇయ్యాలనే పిలువుండ్రి."

ఫోన్ నాకిచ్చి, మొగుడికి అంగీ తొడగడానికి లేచింది.

శ్రీధర్ ఆ సాయంత్రమే అసలు ఎక్స్‌రేలన్నీ డాక్టర్‌కు పంపాడు. మంచితనం కాదు, భయం. నాకదే చాలు. స్వప్న వాటన్నిటినీ మొద్దు కోడ్‌తో నడిపింది. చూసిన డాక్టర్ ఒక్కొక్కరినీ పిలిపించడం మొదలుపెట్టాడు. యాదగిరి మందులు పూర్తిగా మింగాడు, బతికాడు. పుస్తకాల మూటలు మాత్రం ఇప్పుడు భారతమ్మే మోస్తుంది. అతనికి ఊపిరి అందదు.

పిలిస్తే చాలామంది వచ్చారు. కొందరు దొరకలేదు. కూలికొచ్చినవాళ్లు, గది ఖాళీ చేసి ఇంకెక్కడికో పోయినవాళ్లు, ఫోన్ నంబరు మారినవాళ్లు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయని మేమిచ్చిన కాగితం వాళ్ల దగ్గర ఇంకా ఉంది. వాళ్లలో ఎవరో ఒకరు ఈ పూట కూడా, దాన్ని నమ్మి, ఎవరి ముందో దగ్గు ఆపుకుంటూ కూర్చుని ఉంటారు.